గుండె ఆయకట్టులో చివరి మడి

నర్సంపేట నుంచి ఒక పాఠకురాలు ఇలా అడిగారు: “ఛాతీలో నొప్పి అంటే మా నాన్నగారిని వరంగల్‌లో ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. ఈసీజీ మామూలుగానే ఉందన్నారు, రక్తపరీక్షలోనూ ఏమీ లేదన్నారు. అయినా గుండెకు సీటీ స్కాన్ తీయించమన్నారు. రెండూ బాగున్నప్పుడు మూడోది ఎందుకు?” ఈ ప్రశ్న వెనుక, అనవసరంగా ఖర్చు పెట్టించారేమోనన్న అనుమానం కూడా ఉన్నది. ఆయనను చూడకుండా ఆ అనుమానాన్ని తీర్చడం సాధ్యం కాదు గాని, అడిగిన ప్రశ్నకు మాత్రం గుండె కండరానికి రక్తం అందే తీరులోనే జవాబు ఉన్నది.

మొదటి రెండు పరీక్షల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఈసీజీ గుండెలోని విద్యుత్ మార్పులను ఆ కొద్ది సెకన్ల మేరకే నమోదు చేస్తుంది. రక్తపరీక్షలో వెతికే ట్రోపోనిన్ అనే ప్రోటీన్ గుండె కండర కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి కారుతుంది. కాబట్టి ట్రోపోనిన్ పెరగలేదంటే కండరం ఇంకా చావలేదని అర్థమే తప్ప, దానికి రక్తం సరిగా అందుతున్నదని కాదు.

పాఠశాలలో గుండె బొమ్మ గీయించేటప్పుడు నాలుగు గదులకూ ఎరుపు, నీలం రంగులు వేయిస్తారు. పైన పాకే హృదయ ధమనులను చాలాసార్లు వదిలేస్తారు. దానితో గదుల నిండా ఉన్న రక్తమే గుండెను పోషిస్తుందన్న భ్రమ పెద్దయ్యాక కూడా మిగిలిపోతుంది. నిజానికి గుండె గోడకు రక్తం రావలసింది మహాధమని మొదట్లో పుట్టి, గుండె పైపొర మీదుగా సాగి, అక్కడి నుంచి లోపలికి కొమ్మలు దించే ధమనుల ద్వారానే. వీటి వెడల్పు మొదట్లో సుమారు మూడు, నాలుగు మిల్లీమీటర్లే. గుండె పంపే రక్తంలో సుమారు 5 శాతం వీటిలోకి మళ్ళుతుంది.

కాకతీయుల చెరువుల కింద సేద్యం చేసిన మన ప్రాంతం వారికి ఈ ఏర్పాటును వివరించడం సులభం. పాఖాల చెరువు కింద ఆయకట్టును తలచుకోండి. తూము నుంచి పెద్ద కాలువ, దాని నుంచి పిల్లకాలువలు, చివరికి మడులు. నీరు తగ్గితే మొదట ఎండేది తూము దగ్గరి పొలం కాదు, కాలువ చివరి మడి. గుండె గోడలో ఆ చివరి మడి లోపలి పొర. గదిలోని రక్తానికి ఆనుకొని ఉండి కూడా అన్నిటికన్నా ముందు ఎండిపోయేది అదే. కట్ట పక్కనే ఉన్నా తూము అందని భూమి లాంటిది. పైగా శరీరానికి రక్తం పంపే కింది గది, ఎడమ జఠరిక, ముడుచుకున్నప్పుడు తన గోడలోని సన్నని నాళాలను తానే నొక్కేస్తుంది కనుక, అక్కడికి రక్తం ప్రధానంగా గుండె సడలిన సమయంలోనే, అంటే వంతుల వారీగా, పారుతుంది. గుండె వేగం పెరిగితే ఆ సడలింపు సమయమే కుదించుకుపోతుంది. పంటకు నీరు ఎక్కువ కావలసిన రోజునే నీరటి వంతు తగ్గించినట్టు అవుతుంది.

ఇంకొక ఇబ్బంది ఉన్నది. శరీరం మొత్తం మీద అవయవాలు తమకు అందిన ఆక్సిజన్‌లో సగటున నాలుగో వంతు వాడుకుంటే, గుండె కండరం విశ్రాంతిలో కూడా దాదాపు 70 శాతం లాగేసుకుంటుంది. అందుచేత శ్రమ పెరిగినప్పుడు దానికి ఉన్న ప్రధాన మార్గం ప్రవాహాన్నే మూడు నాలుగు రెట్లు పెంచుకోవడం. అమెరికా హృద్రోగ వైద్యుడు లాన్స్ గూల్డ్ 1974లో కుక్కలపై చేసిన ప్రయోగాలలో, ధమని వ్యాసం సగానికి తగ్గిన తరువాత గరిష్ఠ ప్రవాహం పడిపోసాగింది గాని, విశ్రాంతి ప్రవాహం మాత్రం సుమారు 85 శాతం మూసుకుపోయేదాకా తగ్గలేదు. కాలువలో సగం పూడిక ఉన్నా నాట్లకు ముందు ఎవరూ గమనించరు. పొట్ట దశలో నీరు చాలనప్పుడే గొడవ మొదలవుతుంది.

రక్తం తగ్గినప్పుడు గుండెలో మార్పులు ఒక క్రమంలో వస్తాయని 1987లో పరిశోధకులు నెస్టో, కోవాల్‌చుక్ వివరించారు. మొదట ప్రవాహం తగ్గుతుంది, తరువాత కండరం సరిగా సడలదు, ఆపై సరిగా ముడుచుకోదు, ఆ తరువాత ఈసీజీ మారుతుంది, అన్నిటికన్నా చివర నొప్పి తెలుస్తుంది. అందరిలో ఈ వరుస తు.చ. తప్పక నడవదు గాని, చిత్రాల అవసరం మాత్రం ఇక్కడే తెలుస్తుంది. కాలువలో పూడికను చూడవచ్చు, మడికి నీరు చేరిందో లేదో చూడవచ్చు, ఆకు వాడిందో లేదో చూడవచ్చు. ఈ మూడూ వేర్వేరు ప్రశ్నలు.

వాడిన ఆకును చూసేది ఎకో, అంటే ధ్వని తరంగాలతో గుండె కదలికను చూపే పరీక్ష. మంచం దగ్గరికే తెచ్చి చేయవచ్చు, రేడియేషన్ లేదు, గోడలో ఏ భాగం మందకొడిగా కదులుతున్నదో కనిపిస్తుంది. గుండె చుట్టూ నీరు చేరడం వంటి వేరే కారణాలూ బయటపడతాయి. అయితే నొప్పి తగ్గి గంటలు గడిచాక చేస్తే కదలిక మామూలుగా ఉండవచ్చు, పాత గుండెపోటు మచ్చ కొత్తదానిలా కనిపించనూ వచ్చు.

మడికి నీరు చేరిందో లేదో చూసే న్యూక్లియర్ స్కాన్ నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన సెస్టమిబి అనే మందును నొప్పి ఉండగానే నరంలోకి ఎక్కిస్తారు. అది కొద్ది నిమిషాలలోనే రక్త ప్రవాహానికి అనుగుణంగా కణాలలోకి చేరి, కణాల శక్తి కేంద్రాలైన మైటోకాండ్రియాలలో చిక్కుకొని, తరువాత పెద్దగా కదలదు. టెక్నీషియం ధార్మికత సగానికి తగ్గడానికి 6 గంటలు పడుతుంది కనుక గంట, రెండు గంటల తరువాత తీరికగా బొమ్మ తీసినా, కనిపించేది ఆ తీరిక సమయపు ప్రవాహం కాదు, సూది పడిన క్షణపు ప్రవాహం. కాలువలో రంగు కలిపి వదిలితే నీరు ఇంకిన మడులన్నీ రంగు పట్టి, ఎండిన మడి మాత్రం రంగు లేకుండా మిగిలినట్టు. ఆ తరువాత కాలువ మళ్ళీ పారినా ఆ మడి సాక్ష్యం చెబుతూనే ఉంటుంది. 2002లో వెలువడిన 2,475 మంది అధ్యయనంలో, ఈ స్కాన్ వల్ల, గుండెకు రక్తలోపం లేనివారిలో అనవసరపు ఆసుపత్రి చేరికలు 52 శాతం నుంచి 42 శాతానికి తగ్గాయి.

పాఠకురాలి తండ్రికి రాసిన సీటీ యాంజియో పూడికను చూసేది. నరంలోకి అయోడిన్ మందు పంపి, ఊపిరి బిగబట్టించి, ఈసీజీతో లయ కలిపి, గుండె కదలిక తక్కువగా ఉన్న లిప్తలో బొమ్మ తీస్తారు. అందుకే నాడి నిమిషానికి 60 దగ్గరికి దిగేలా ముందుగా మెటోప్రొలాల్ వంటి మాత్ర ఇస్తారు. ఉబ్బసం ఉన్నవారు ఆ సంగతి, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. దీని బలం “లేదు” అని చెప్పడంలో ఉన్నది. 2012లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశోధనలో సీటీలో గట్టి అడ్డంకి కనిపించని 640 మందిలో 30 రోజులలో ఒక్కరికి కూడా గుండెపోటు గాని మరణం గాని సంభవించలేదు. అదే సంవత్సరం వెయ్యిమందిపై జరిపిన మరో పరిశోధనలో ఆసుపత్రిలో ఉండే సగటు సమయం మామూలు పద్ధతిలో 30.8 గంటలు ఉంటే, సీటీ తీసినవారిలో 23.2 గంటలకు దిగింది.

ఆ తరువాత అతి స్వల్ప మోతాదును కూడా పట్టే ట్రోపోనిన్ పరీక్షలు వచ్చి ఈ లెక్కను కొంత మార్చాయి. బ్రిటన్‌లో 1,748 మందిపై జరిపి 2021లో ప్రకటించిన పరిశోధనలో, కొంత ప్రమాదం ఉన్న రోగులందరికీ తొలిదశలోనే సీటీ చేసినా, ఏడాదిలో మరణం లేదా గుండెపోటు 5.8 శాతం, చేయని వారిలో 6.1 శాతం, చెప్పుకోదగ్గ తేడా లేదు. నొప్పితో వచ్చిన ప్రతివారికీ సీటీ తీయడం సమంజసం కాదనే నా అభిప్రాయం. మొదటి పరీక్షలతో తేలక, ప్రమాదం మరీ తక్కువా కాక, మరీ ఎక్కువా కాక మధ్యన నిలిచినవారికే అది పనికివస్తుంది. వయసు, షుగరు, పొగతాగే అలవాటు చూసి వైద్యుడు ఆయనను ఆ మధ్య వర్గంలో పెట్టి ఉంటే, ఆ చీటీలో వింత లేదు.

ఈసీజీలోనే పెద్ద గుండెపోటు కనిపించినవారికి ఈ చర్చ వర్తించదు. వచ్చిన 10 నిమిషాలలో ఈసీజీ తీయాలన్నది నియమం. అందులో అది తేలితే ఏ స్కాన్ కోసమూ ఆగకుండా నాళం తెరవాలి, రెండు గంటలలో యాంజియోప్లాస్టీ (బెలూన్‌తో నాళం తెరిచే చికిత్స) అందదనుకుంటే గడ్డను కరిగించే మందు ఇవ్వాలి. ఏటూరునాగారం నుంచి వరంగల్‌కు దాదాపు వంద కిలోమీటర్లు. అటువంటి చోట గ్యాస్ అనుకొని సోడా తాగించడం, దిష్టి అనుకొని ఎండుమిరపకాయలు తిప్పడం, ఫోనులో వచ్చిన సందేశం నమ్మి గట్టిగా దగ్గించడం, వీటిలో ఏది చేసినా కండరానికి దక్కవలసిన సమయమే పోతుంది.

సీటీ నిర్మలంగా ఉన్నా నొప్పి ఆగనివారు కొందరుంటారు, వారిలో స్త్రీలు ఎక్కువ. పెద్ద కాలువ శుభ్రంగా ఉండి, పిల్లకాలువలు బిగుసుకుపోయిన స్థితి అది. అర మిల్లీమీటరు లోపు నాళాలను సీటీ చూపలేదు. “మీకేమీ లేదు, మనసులో పెట్టుకోకండి” అని వారిని పంపేయడం పొరపాటు. పెట్ అనే మరో న్యూక్లియర్ స్కాన్‌తోనో, మందు ఇచ్చి తీసే ఎంఆర్‌ఐతోనో మడికి చేరిన నీటినే కొలవవలసి ఉంటుంది.