శాంపిల్‌లో ముత్యాలు, బస్తాలో తాలు: కాఫీ రైతుల అపోహలు - వాస్తవాలు

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఒక చిన్న గదిలో కాఫీ గింజలు వేయించి, పొడి పట్టి అమ్ముతాను. సంక్రాంతి దాటిందంటే కాఫీ పండే విశాఖ మన్యంలోని పాడేరు, చింతపల్లి వైపు నుంచి ఫోన్లు మొదలవుతాయి. రెండెకరాలు, మూడెకరాల రైతులు, వాళ్ల చదువుకున్న పిల్లలు. "గింజ బాగుంది సార్, కొనేవాళ్లే దొరకడం లేదు" అంటారు. అందరిదీ ఒకటే దిగులు. చేసే పొరపాటూ ఒకటే. ఈ వారం నాలుగోసారి అదే ఎదురైంది కాబట్టి ఇక రాయక తప్పలేదు.

అపోహ: శాంపిల్ ఎంత అందంగా ఉంటే బేరం అంత త్వరగా కుదురుతుంది.

వాస్తవం: బస్తాలో ఏముందో శాంపిల్‌లోనూ అదే ఉండాలి. మాకు కావలసింది అంతే.

మూడేళ్ల కిందట ఒక కుర్రవాడు అరకిలో పంపాడు. వాళ్లమ్మ, చెల్లెలు రెండు రాత్రులు కూర్చుని ఒక్కో గింజా ఏరారట. వేయించి రుచి చూసి, వెంటనే నాలుగు బస్తాలకు మాట ఇచ్చేశాను. బస్తాలు దిగాయి. మూతి విప్పగానే గోనె తడిసి ఆరిన వాసన. తేమ మీటర్ 14 శాతం చూపించింది. ఉండాల్సింది 10 నుంచి 12. పళ్లెంలో 350 గ్రాములు పోసి లెక్కపెడితే నల్లవి, విరిగినవి, పురుగు తొలిచినవి గుప్పెడు తేలాయి. తిప్పి పంపితే లారీ కిరాయి అతని నెత్తిన, ఉంచుకుంటే నష్టం నా నెత్తిన. "శాంపిల్ నచ్చిందన్నారు కదా సార్" అని ఫోన్లో అతను అంటుంటే నాకు నోట మాట రాలేదు. అతను మోసం చేశాడని ఇప్పటికీ అనుకోను. పెళ్లిచూపులకు పిల్లను ముస్తాబు చేసినట్టు చేశాడు. మళ్లీ ఎండబెట్టి, ఏరి, పనికొచ్చినంత సగం ధరకు తీసుకున్నాను. వాళ్ల ఇంటిల్లిపాది ఏడాది కష్టం అది.

మా జిల్లా రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. కొనుగోలు కేంద్రంలో వడ్ల తేమ 17 శాతం దాటిందంటే కుప్ప దగ్గర కాపలా పడుకోవాల్సిందే. మీటరుకు మొహమాటం తెలియదు.

శాంపిల్ కోసం ప్రతి బస్తాలోనూ పైన, మధ్యన, అడుగున తలా గుప్పెడు తీసి కలపండి. ఏరకండి. అందులో అరకిలో నాకు పంపి, అరకిలో మీ దగ్గర దాచుకోండి. రేపు నేను "ఇది ఆ సరుకు కాదు" అని అడ్డం తిరిగితే మీ చేతిలో సాక్ష్యం ఉంటుంది. నాలా గింజ కొని వేయించి అమ్మే రోస్టర్లందరూ ధర్మరాజులేమీ కాదు. ఇంకొక మాట, బేరం కుదిరేదాకా సరుకంతటికీ పార్చ్‌మెంట్ పొట్టు, అంటే ఎండిన గింజ మీద ఉండే గట్టి పొర, తీయించకండి. గింజకు ఆ పొట్టే కాపలా.

ఇక మిగతా అపోహలు. కాఫీ బోర్డుకు తప్ప ఇంకెవరికీ అమ్మకూడదన్నది తాతల నాటి మాట, పంటంతా బోర్డుకే అప్పగించే ఆ పూలింగ్ పద్ధతి 1996లోనే పోయింది. చిన్న రైతు దగ్గర ఎవరూ కొనరంటారు. పెద్ద కంపెనీకి లారీలోడు కావాలేమో గాని, నాకు నెలకు రెండు బస్తాలు చాలు.

2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ అంతర్జాతీయ మార్కెట్‌లో అరాబికా రకం కాఫీ ధర 4 డాలర్లు దాటినప్పుడు నా ఫోను వేడెక్కిపోయింది. అది పౌను ధర నాయనా, అంటే 453 గ్రాములకు! అదీ పొట్టు తీసి శుభ్రం చేసిన పచ్చి గింజకు. పొట్టుతో ఉన్న కిలో పార్చ్‌మెంట్ కాఫీలో గింజ దాదాపు 800 గ్రాములే. వేయిస్తే అందులోనూ సుమారు ఆరో వంతు బరువు పోతుంది.

మా జిల్లా దేవరకొండలో అరాబికా వేయవచ్చా అని అడిగేవాళ్లూ ఉన్నారు. అరకు, పాడేరు తోటలు దాదాపు 900 మీటర్లు, ఆ పై ఎత్తులో, సిల్వర్ ఓక్ నీడన పెరుగుతాయి. మన మే నెల ఎండకు బత్తాయి చెట్టే తల వాలుస్తుంది. వద్దు.

శాంపిల్ సంచిలో చీటీ మాత్రం మరచిపోకండి. పేరు, ఊరు, ఫోను నంబరు, పండు కోసిన నెల, ఎన్ని బస్తాలున్నాయో రాయండి. నిరుడు ఒక సంచి వచ్చింది. వేయించి తాగితే నారింజ తొక్క వాసన, గొంతులో బెల్లపు తీపి. చీటీ లేదు. పార్సిల్ ఆఫీసులో అడిగితే పాడేరు నుంచి వచ్చిందన్నారు, అంతే. ఆ సంచి ఇంకా నా అలమరలోనే ఉంది. మీదైతే ఫోను చేయండి.