విశాఖకు మేయర్ లేని ఆ తొమ్మిదేళ్లు

ప్రపంచ నగరాలు, స్థానిక ప్రభుత్వాల ఉమ్మడి సంఘం యూసీఎల్‌జీ మహాసభ 2026 జూన్‌లో మొరాకోలోని టాంజియర్‌లో జరగాలి. కొత్త నాయకత్వాన్ని ఎన్నుకునేది అక్కడే. దాంతో దక్షిణాసియాకు దక్కే వాటా ఎంత, మన దేశ నగరాల తరఫున నోరు విప్పేదెవరు అన్న పాత పేచీ మళ్లీ పైకొచ్చింది. విశాఖలో ఈ పేచీకి సొంత రంగు ఉంది. బయటి దేశాల సదస్సుకు నగరం తరఫున వెళ్లాల్సింది మేయరా, కమిషనరా అన్నది గ్రేటర్ విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) ప్రధాన కార్యాలయమైన తెన్నేటి భవన్‌కు కొత్త వాదన కాదు. ఈసారి దానికి ఇంకో చిక్కు తోడైంది. 2021 మార్చి 18న మేయర్‌ను ఎన్నుకున్న కౌన్సిల్‌కు రాజ్యాంగం ఇచ్చిన ఐదేళ్లు 2026 మార్చితో సరి. ఎన్నికలు సకాలంలో జరగకపోతే టాంజియర్ సభ నాటికి జీవీఎంసీలో మేయర్ కుర్చీ ఖాళీగానే ఉంటుంది.

1913లో బెల్జియంలోని ఘెంట్‌లో పుట్టిన పాత సంఘం సంగతి, అది 2004లో పారిస్‌లో మరో సంఘంతో కలిసి యూసీఎల్‌జీగా మారి బార్సిలోనాలో కాపురం పెట్టిన సంగతి చాలాసార్లు రాసిందే. ఇప్పుడు మళ్లీ ఏకరువు పెట్టక్కర్లేదు. ఇవాళ్టి తగాదాకు పనికొచ్చే ముక్క ఒక్కటే. ఆ సంఘం ప్రపంచాన్ని ప్రాంతాలుగా పంచుకున్నప్పుడు దక్షిణాసియాకు విడిగా గది దొరకలేదు. చైనా, జపాన్, కొరియా, ఇండోనేషియా, ఆస్ట్రేలియాలతో కలిపి మనల్ని ఆసియా-పసిఫిక్ విభాగంలో కూర్చోబెట్టారు. దాని కార్యాలయం జకార్తాలో ఉంది. పర్యావరణం మీద పనిచేసే నగరాల సంఘం ఇక్లీ దారి వేరు. అది ప్రపంచాన్ని తొమ్మిది ప్రాంతాలుగా చూస్తుంది, అందులో దక్షిణాసియా ఒకటి. ఢిల్లీలో 2005 నుంచీ ప్రత్యేక కార్యాలయం ఉంది. ప్రాంతీయ కమిటీని ఆ ప్రాంతపు సభ్య నగరాలే ఎన్నుకుంటాయి.

కాబట్టి ‘మనకు చోటే ఇవ్వలేదు’ అన్న వాదన సగమే నిజం. ఒక సంఘంలో ఇరుకుగా ఇచ్చారు, ఇంకో సంఘంలో విడిగానే ఇచ్చారు. ఆ చోట్లో కూర్చోవడానికి మన దగ్గర ఎవరున్నారన్నది అసలు ప్రశ్న. దీనికి విశాఖ జవాబు 2012 ఫిబ్రవరిలో ఉంది.

2007లో ఎన్నికైన కౌన్సిల్ గడువు ఆ నెలతో ముగిసింది. మేయర్‌గా పులుసు జనార్దనరావు దిగిపోయారు. ప్రత్యేకాధికారి పాలన వచ్చింది. ఆరు నెలలో ఏడాదో ఉంటుందనుకున్న ఆ ఏర్పాటు తొమ్మిదేళ్లు సాగింది. ముందు వార్డుల పునర్విభజన అన్నారు. 2013లో అనకాపల్లిని, భీమునిపట్నాన్ని కలిపారు. విలీనం మీద అభ్యంతరాలు, కోర్టు కేసులు వచ్చాయి. రాష్ట్ర విభజన హడావుడి వచ్చింది. 2014లో రాష్ట్రంలో మున్సిపల్ ఎన్నికలు జరిగాయి గానీ విశాఖలో జరగలేదు. 2020 మార్చిలో నోటిఫికేషన్ వచ్చాక కరోనా అడ్డుపడింది. చివరికి 98 వార్డులకు 2021 మార్చి 10న పోలింగ్ జరిగింది. కాంగ్రెస్, తెలుగుదేశం, వైసీపీ ప్రభుత్వాలు మూడూ ఈ కాలంలోనే వచ్చాయి. ఎవరి కారణాలు వాళ్లు చెప్పారు.

ఈ తొమ్మిదేళ్లలో నగరం ఏం చూసిందో గుర్తు చేసుకుంటే విషయం ఎక్కడ తేడా కొట్టిందో తెలుస్తుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది. నగరంలో చెట్లు, స్తంభాలు నేలకొరిగాయి, రోజుల తరబడి కరెంటు లేదు, విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది. ఒక పెద్ద తీర నగరం తుపాను కన్ను కిందికి నేరుగా వచ్చి, మళ్లీ లేచి నిలబడిన తీరు ప్రపంచ నగరాల సంఘాలన్నీ పిలిచి వినే కథ. ఆ కథ చెప్పడానికి విశాఖకు మేయర్ లేరు. చెప్పిన ప్రతిసారీ అధికారులే చెప్పారు. ఒక అధికారి బదిలీ అయితే తర్వాత వచ్చినాయన ఫైల్లో చదివి చెప్పారు. 2015 జనవరిలో ఒబామా పర్యటన సందర్భంగా అమెరికా సంస్థతో స్మార్ట్ సిటీ ఒప్పందం కుదిరిన మూడు నగరాల్లో విశాఖ ఒకటి. అప్పుడూ మేయర్ లేరు. 2016 జనవరిలో తొలి 20 స్మార్ట్ సిటీల జాబితాలో చోటు దక్కింది, అప్పుడూ లేరు.

అన్నిటికంటే గట్టిగా గుచ్చుకునేది 2016 సెప్టెంబర్. బ్రిక్స్ దేశాల పట్టణీకరణ సదస్సు విశాఖలోనే జరిగింది. మన రాష్ట్రం మనిషి వెంకయ్యనాయుడు కేంద్ర పట్టణాభివృద్ధి మంత్రిగా ఉన్న రోజులవి. బ్రెజిల్, రష్యా, చైనా, దక్షిణాఫ్రికాల నుంచి పట్టణ పాలన గురించి మాట్లాడటానికి వచ్చారు. సందర్భం నగరాల పాలన, ఆతిథ్యం ఇచ్చిందేమో ఎన్నికైన పాలకవర్గం లేని నగరం. పెళ్లి జరుగుతున్న ఇంట్లో ఇంటి పెద్ద లేకపోతే వచ్చినవాళ్లు అడుగుతారు కదా, ఇక్కడ ఎవరూ అడిగినట్టు లేదు. పత్రికలు కూడా పెద్దగా రాయలేదు. మేమంతా బీచ్ రోడ్డు ముస్తాబు గురించే రాశాం.

బయటి సంఘాల్లో పదవులు ఎలా నడుస్తాయో తెలిస్తే ఈ లోటు ఎంత ఖరీదైనదో అర్థమవుతుంది. అక్కడి కుర్చీకి దన్ను సొంత ఊళ్లో ఉన్న కుర్చీయే. జర్మనీలోని బాన్ మేయర్ అశోక్ శ్రీధరన్ 2018లో ఇక్లీ అధ్యక్షుడయ్యారు. తండ్రి భారతీయుడు కావడంతో మన పత్రికల్లోనూ వార్తలు వచ్చాయి. 2020 సెప్టెంబర్‌లో బాన్ ఓటర్లు ఆయన్ను ఓడించారు. దాంతో ఇక్లీ అధ్యక్ష పదవీ పోయింది, అమెరికాలోని డిమాయిన్ మేయర్ ఫ్రాంక్ కౌనీ చేతికి వెళ్లింది. ఊళ్లో ఓడితే ప్రపంచంలోనూ ఓడినట్టే.

దీనికి తిరకాసు ఉదాహరణ కూడా ఉంది. పార్క్స్ టావ్ 2016 ఆగస్టులో జొహానెస్‌బర్గ్ మేయర్ పదవి కోల్పోయారు. అదే ఏడాది అక్టోబర్‌లో బొగోటా మహాసభలో యూసీఎల్‌జీ అధ్యక్షుడయ్యారు. ఎలా? ఆయన వెనక దక్షిణాఫ్రికా స్థానిక ప్రభుత్వాల సంఘం సాల్గా ఉంది. ఆ దేశ రాజ్యాంగం, 1997 నాటి చట్టం గుర్తించిన సంఘం అది. మేయర్ పదవి పోయినా కౌన్సిలర్‌గా ఉన్న మనిషిని దేశం మొత్తం తరఫున నిలబెట్టగలిగింది. మన దగ్గర అఖిల భారత మేయర్ల మండలి ఉంది గానీ, దానికి ఆ స్థాయి చట్టబద్ధత లేదు. అంటే విశాఖ మేయర్ దిగిపోతే వెనక నిలబడే గోడ లేదు. అసలు మేయరే లేని తొమ్మిదేళ్లలో ఆ ప్రశ్న కూడా రాలేదు.

అధికారుల వైపు వాదన లేకపోలేదు. చట్ట ప్రకారం కార్పొరేషన్‌లో కార్యనిర్వాహక అధికారం కమిషనర్‌దే. ప్రాజెక్టుల లెక్కలు, రుణాల షరతులు ఆయనకే తెలుస్తాయి. మేయర్లు పోయి ఫొటోలు దిగి వస్తారన్నది వాళ్ల మాట. కార్పొరేటర్ల స్టడీ టూర్లను పత్రికల్లో మేమూ విహారయాత్రలనే రాస్తాం కాబట్టి ఆ మాటకు జనంలో బలం ఉంది.

కానీ మేయర్లుగా చేసినవాళ్లు, కార్పొరేటర్లు చెప్పేది కాస్త నిదానంగా వినాలి. వాళ్లు అడిగేది విమానం టికెట్ కాదు. కమిషనర్ రెండేళ్లకో మూడేళ్లకో మారిపోతారు. విశాఖలో నేర్చుకున్న పరిచయాలు, ఒప్పుకున్న మాటలు ఆయనతో పాటు తదుపరి పోస్టింగ్‌కు పోతాయి. ఎన్నికైనవాళ్లు వార్డులోనే ఉంటారు. ఇచ్చిన మాట ఏమైందని స్టీల్‌ప్లాంట్ గేటు దగ్గరో, జాలరిపేటలోనో వాళ్లనే నిలదీస్తారు. జీవీఎంసీ గాంధీ విగ్రహం దగ్గర ధర్నాకు కూర్చునేవాళ్లు పేరు పెట్టి తిట్టేది కార్పొరేటర్‌నే గానీ జోనల్ కమిషనర్‌ను కాదు. ప్రపంచ సంఘాలు ఎన్నికైన ప్రతినిధిని కోరుకునేది ఈ జవాబుదారీతనం కోసమే. 2005కు ముందు మేయర్‌ను జనమే నేరుగా ఎన్నుకునేవారు. నగరం మొత్తం ఓట్లతో గెలిచిన మనిషి బయట నిలబడితే ఆ మాటకు వచ్చే బరువు వేరు. పరోక్ష ఎన్నిక వచ్చాక ఆ బరువు తగ్గింది, తర్వాత కుర్చీయే ఖాళీ అయింది.

కుర్చీ నిండినా సరిపోలేదని 2025 చెప్పింది. 2021లో గొలగాని హరి వెంకటకుమారి మేయరయ్యారు. నాలుగేళ్లు పూర్తయ్యేదాకా అవిశ్వాసం పెట్టకూడదన్న గడువు ముగియగానే తీర్మానం వచ్చింది. 2025 ఏప్రిల్ 19న 74 ఓట్లతో నెగ్గింది. అదే నెల 28న పీలా శ్రీనివాసరావు మేయరయ్యారు. పార్టీల లెక్కల్లో ఎవరిది న్యాయమన్నది ఇక్కడ అనవసరం. కొత్త మేయర్‌కు మిగిలింది ఏడాదిలోపే. మూడేళ్ల పదవీకాలం ఉండే అంతర్జాతీయ కమిటీకి ఆయన్ను ప్రతిపాదిస్తే అవతలివాళ్లు అడిగే మొదటి మాట, గడువు ఎప్పటిదాకా అని.

కేంద్రం పాత్ర కూడా చెప్పాలి. 2019 అక్టోబర్‌లో వాతావరణ మార్పుపై పనిచేసే పెద్ద నగరాల కూటమి సీ40 మేయర్ల సదస్సుకు కోపెన్‌హాగన్ వెళ్లడానికి అప్పటి ఢిల్లీ ముఖ్యమంత్రి కేజ్రీవాల్‌కు విదేశాంగ శాఖ రాజకీయ అనుమతి ఇవ్వలేదు. అది మేయర్ల స్థాయి సదస్సు అని కేంద్రం సమర్థించుకుంది. ఆయన వీడియోలో మాట్లాడాల్సి వచ్చింది. మేయర్ల సదస్సుకు మేయరే వెళ్లాలన్నది మంచి సూత్రమే. ఆ సూత్రం అప్పటికి ఏడేళ్లుగా మేయర్ లేని విశాఖ గురించి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

2023 చూడండి. జీ20 అధ్యక్షత మన దేశానిది. మార్చి 28, 29 తేదీల్లో మౌలిక సదుపాయాల కార్యాచరణ బృందం విశాఖలో సమావేశమైంది. అజెండా రేపటి నగరాలకు నిధులు. అప్పటికి మేయర్ ఉన్నారు. అయితే అది ఆర్థిక శాఖల అధికారుల సమావేశం, మేయర్ల వేదిక కాదు. మేయర్ల వేదిక యూ20. దాన్ని నడిపేది సీ40, యూసీఎల్‌జీ. ఆ ఏడాది దాని అధ్యక్షత అహ్మదాబాద్‌కు దక్కింది, జూలైలో మేయర్లందరూ అక్కడికే వెళ్లారు. నగరాలకు డబ్బు ఎలా తేవాలన్న చర్చకు విశాఖ హాలు ఇచ్చింది, మాట్లాడే మైకు అహ్మదాబాద్‌కు వెళ్లింది. గుజరాత్ రాజకీయ పలుకుబడి వల్లే అనే టీకొట్టు విశ్లేషణలు విన్నాం. కొంత ఉండొచ్చు. కానీ తొమ్మిదేళ్ల విరామం తర్వాత మళ్లీ మొదలుపెట్టిన నగరం, పెద్ద విరామం లేకుండా నడిచిన నగరం ఒకే వరుసలో నిలబడవు.

ఇది విశాఖ ఒక్కదాని జాడ్యం కాదు. చెన్నైకి 2016 నుంచి 2022 దాకా కౌన్సిల్ లేదు. బెంగళూరు కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబర్‌లోనే పోయింది. ముంబయికి 2022 మార్చిలో పోతే ఎన్నికలు 2026 జనవరిలో గానీ జరగలేదు. శ్రీలంకలో స్థానిక ఎన్నికలు వాయిదాల మీద వాయిదాలు పడి 2025 మేలో జరిగాయి. బంగ్లాదేశ్‌లో 2024 ఆగస్టులో నగర కార్పొరేషన్ల మేయర్లందరినీ తొలగించి అధికారులను కూర్చోబెట్టారు. ఇరవై ఏళ్లు స్థానిక ఎన్నికలు లేని నేపాల్ మాత్రం 2017 నుంచి గడువు తప్పకుండా జరుపుతోంది, మేయర్లను జనమే నేరుగా ఎన్నుకుంటున్నారు. దక్షిణాసియాకు విడిగా గది కావాలని యూసీఎల్‌జీని అడిగేటప్పుడు ఈ జాబితా ఎదురుగా పెట్టుకునే అడగాలి. గది ఇస్తే అందులో ఎన్ని కుర్చీలు నిండుతాయని కొరియా వాళ్లో ఇండోనేషియా వాళ్లో అడిగితే చెప్పడానికి జవాబు ఉండాలి.

హైదరాబాద్ సంగతీ ఇంతే. 2021 ఫిబ్రవరిలో మేయర్‌ను ఎన్నుకున్న జీహెచ్‌ఎంసీ కౌన్సిల్ గడువు 2026 ఫిబ్రవరి దాకానే. చుట్టుపక్కల మున్సిపాలిటీలను కలిపి వార్డులను 300 చేశారు. 2013లో విశాఖలో జరిగింది కూడా విలీనమూ వార్డుల పునర్విభజనే, ఆ తర్వాత ఎన్నేళ్లు పట్టిందో పైన చూశాం. టాంజియర్‌కు ప్రతినిధుల పేర్లు పంపే నాటికి రెండు తెలుగు రాష్ట్రాల్లోని అతి పెద్ద నగరాల నుంచి ఒక్క మేయర్ పేరైనా ఉంటుందా అన్నది బార్సిలోనాలోనో జకార్తాలోనో తేలేది కాదు. ఆ తేదీలు విజయవాడ, హైదరాబాద్‌లలోని రాష్ట్ర ఎన్నికల సంఘాల కార్యాలయాల నుంచి రావాలి.