ముఖ్యమంత్రికే దక్కని కోటా: అపోహలు - వాస్తవాలు

"గవర్నర్ కోటా ఎమ్మెల్సీ కళాకారులకే కదండీ, ఫొటోగ్రాఫరూ కళాకారుడే కదా, ఉద్ధవ్ ఠాక్రేకు అలాగే వచ్చింది కదా?" పత్రికలో మొదట కెమెరా పట్టి, తర్వాత డెస్కుకు మారిన నన్ను ఈ ప్రశ్న ఏడాదికి నాలుగైదుసార్లయినా పలకరిస్తుంది. మొదటి మాట సగమే నిజం, ఎందుకంటే రాజ్యాంగం 171వ అధికరణం కళతోపాటు సాహిత్యం, విజ్ఞానం, సహకారోద్యమం, సంఘసేవలను కూడా చెబుతోంది. రెండవది వాదించదగిన మాట. మూడవది శుద్ధ తప్పు, దళారుల వ్యాపారమంతా దాని మీదే నడుస్తోంది.

జరిగింది ఇది. 2019 నవంబరు 28న మహారాష్ట్ర ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసేనాటికి ఠాక్రే ఏ సభలోనూ సభ్యుడు కారు, ఆరు నెలల్లో సభ్యుడు కాకపోతే పదవి పోతుంది. కరోనాతో మండలి ఎన్నికలు వాయిదా పడినప్పుడు, ఆయన పేరును గవర్నర్ కోటాకు మంత్రివర్గం 2020 ఏప్రిల్‌లో రెండుసార్లు సిఫారసు చేసినా నియామకం జరగలేదు. చివరకు ఎన్నికల సంఘం అనుమతితో 9 స్థానాలకు ఎన్నిక పెట్టగా, మే 14న ఆయన ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. అదే ఏడాది నవంబరులో ఆయన ప్రభుత్వం పంపిన 12 మంది పేర్లకు కూడా, 2022లో ఆ ప్రభుత్వం పడిపోయేదాకా మోక్షం కలగలేదు.

ఈ కోటాకు దరఖాస్తు ఫారం ఉండదు, రుసుము ఉండదు, పేర్లను సిఫారసు చేసేది మంత్రివర్గం. తెలంగాణ మండలిలో 40కి 6, ఆంధ్రప్రదేశ్‌లో 58కి 8 మాత్రమే ఇలాంటి స్థానాలు. ఇవేవీ తెలియని ఒక స్టూడియో యజమాని, పెళ్లి ఆల్బమ్‌లతో కూడబెట్టిన సొమ్మును "ఫైలు కదలడానికి" ఎవరికో అడ్వాన్సుగా ఇచ్చి, తాను తీసిన గుడి గోపురాల ఫొటోలను సంచిలో పెట్టుకుని నా దగ్గరకు వచ్చారు. ఆయనను తప్పుపట్టడానికి నాకు మనసు రాలేదు, ఎందుకంటే పాతికేళ్లు ఇతరుల వేడుకలకు ఫ్లాష్ కొట్టిన మనిషి ఒక్కసారి తానూ వేదిక ఎక్కాలనుకోవడం నేరమేమీ కాదు. పోలీసులకు ఫిర్యాదు చేయమంటే పరువు పోతుందన్నారు. రసీదైనా ఉందా అని అడిగితే తల దించుకున్నారు.

మిగిలిన వదంతులకు ఇంత చోటు అక్కరలేదు. ఠాక్రేకు కెమెరా రాజకీయాల్లోకి వచ్చాక అబ్బిన సరదా అంటారు గాని, చదివింది ముంబైలోని జె.జె. అనువర్తిత కళల సంస్థలో. ఆకాశం నుంచి తీసిన మహారాష్ట్ర కోటల ఫొటోలు 2010లో పుస్తకంగా వచ్చాయి. ముఖ్యమంత్రిగా ఉంటూనే శివసేన పత్రిక 'సామ్నా' సంపాదకత్వం కూడా చేశారన్నది నిజం కాదు, పదవి చేపట్టినప్పుడే దానిని వదులుకున్నారు, 2020 మార్చి 1న ఆయన భార్య రష్మీ ఠాక్రే సంపాదకురాలయ్యారు. ఎమ్మెల్యేగా గెలిచారన్నదీ అంతే, ఆ కుటుంబం నుంచి ప్రత్యక్ష ఎన్నికలో మొదట నిలిచింది 2019లో వర్లి నుంచి ఆయన కుమారుడు ఆదిత్య.