ఇసుక మీద నాటకం: బీచ్ రిహార్సళ్ల గురించి అపోహలు - వాస్తవాలు

విశాఖ ఆర్కే బీచ్ కోసమే రాసుకున్న నాటికలను అక్కడే ఆడిస్తుంటాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు దాదాపు ఇవే మాటలు అంటుంటారు. వాటిలో కొన్ని ఒకప్పుడు నేనూ నమ్మినవే.

అపోహ: హాల్లో బాగా ప్రాక్టీసు చేసి, చివర్లో ఒక్కసారి అక్కడికెళ్లి చూసుకుంటే చాలు.

డైలాగులు హాల్లో వస్తాయి. చోటు అలవాటు కాదు. ఒక ఆదివారం సాయంత్రం నాలుగింటికి వెళ్లాం. తడి ఇసుక గట్టిగా, వెడల్పుగా ఉంది. పదిమంది గుండ్రంగా తిరిగే ఘట్టానికి అదే చోటని ఖాయం చేసుకున్నాం. సరిగ్గా వారానికి, అదే వేళకు ప్రదర్శన. వెళ్లి చూస్తే అక్కడ మోకాలి లోతు నీళ్లు. వల బాగుచేసుకుంటున్న ఓ పెద్దాయన తలెత్తి, "తిథి సూసుకోకుండా ఒచ్చీసినారేటి బాబూ?" అన్నాడు.

ఆటుపోట్లకు మన గడియారంతో పనిలేదు, చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి. మన తీరంలో రోజుకు రెండుసార్లు పోటు (నీళ్లు పైకి రావడం), రెండుసార్లు ఆటు (నీళ్లు వెనక్కి పోవడం). రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంటాయి. ఏడు రోజులకు అది ఆరు గంటలవుతుంది. అంటే ఈ ఆదివారం నాలుగింటికి ఆటు ఉంటే, వచ్చే ఆదివారం అదే వేళకు పోటు. పక్షం గడిస్తే మళ్లీ దాదాపు మొదటికే వస్తుంది. అందుకే ఇప్పుడు ప్రదర్శన తేదీ అనుకోగానే పంచాంగం తీస్తాం. దానికి సరిగ్గా పక్షం ముందు, అదే గంటకు పెద్ద రిహార్సల్ పెడతాం. పౌర్ణమి, అమావాస్యలకు పోటు మరీ పైకి వస్తుంది కనుక ఆ రోజుల జోలికి పోం.

అపోహ: మైకు ఉంటే గొంతు గురించి దిగులు అక్కర్లేదు.

గాలి మైకుకు కొడితే మాట కంటే బుస ఎక్కువ వినిపిస్తుంది. అల విరిగేటప్పటి హోరు స, శ, హ లాంటి అక్షరాలను మింగేస్తుంది. ఆ, ఓ లాంటి దీర్ఘాలు మాత్రం దాన్ని దాటుకుని వస్తాయి. మా నాటికలో "సహించలేను" అనే మాట ఉండేది. ఇరవై అడుగుల దూరంలో నిలబడ్డ నాకు "ఇంచలేను" అనే వినబడింది. "ఓర్చుకోలేను" అని మార్చాక రోడ్డు పక్క గట్టు దాకా చేరింది. ఇలాంటివి హాల్లో ఎంతకాలం కూర్చున్నా తెలియవు.

మధ్యాహ్నం నుంచి గాలి సముద్రం మీంచి ఊరి వైపు వీస్తుంది. కాబట్టి నటులు సముద్రానికి వీపు పెట్టి నిలబడితే మాట గాలితో పాటే ప్రేక్షకుల దగ్గరికి వెళ్తుంది. అయితే వీపు వెనక ఏం వస్తోందో వాళ్లకు కనబడదు. అందుకే రిహార్సల్ మొదటి రోజు నుంచే ఒక మనిషిని అల కాపలాకు పెడతాం. ఈల వినబడితే ఏ ఘట్టమైనా ఆపి పైకి వచ్చేయాలి. ఈ తీరంలో లోపలికి లాగేసే ప్రవాహాలు ప్రాణాలు తీశాయి. నటుల్ని నీళ్లలోకి దింపే దృశ్యం ఎంత అందంగా ఊహించుకున్నా సరే, వద్దు.

అపోహ: అనుమతి ప్రదర్శనకే, రిహార్సల్‌కు కాదు.

పదిహేనుమంది డప్పుతో చేరితే అది రిహార్సలో కాదో చూసేవాళ్లకు తెలియదు. ముందే పోలీస్ స్టేషన్‌లో కాగితం ఇచ్చి, తేదీలూ వేళలూ రాయండి.

అపోహ: ఊరినే వేదిక చేయడం విదేశాల నుంచి తెచ్చుకున్న ప్రయోగం.

ఒడిశాలోని బర్‌గఢ్‌లో కృష్ణుడు, కంసుల కథను ఊరంతా ఆడే ధనుయాత్ర 11 రోజులు సాగుతుంది. ఊరు మథుర అవుతుంది, జీరా నది అవతలి అంబాపాలి గోపపురం అవుతుంది. నది యమున. విజయనగరం సిరిమానోత్సవంలో సిరిమాను, అంటే పూజారి కూర్చునే పొడవాటి మాను, గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. ఏ మలుపులో ఎక్కడ నిలబడాలో ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. మనకు ఈ పని కొత్తేమీ కాదు.

అపోహ: జనం గుమిగూడితే రిహార్సల్ పాడవుతుంది.

జనం లేని బీచ్‌లో రిహార్సల్ చేస్తే, జనం ఉన్న బీచ్‌లో ఏం చేయాలో తెలియదు. మొక్కజొన్న కండెలు కాల్చే ఒకావిడ సరిగ్గా మా నాయిక నిష్క్రమించే దారిలో బండి పెట్టేది. మొదటి రోజు జరగమని అడిగాం. ఆమె జరిగింది, కానీ ఆ సాయంత్రం బేరాలు తగ్గాయని చెప్పింది. బాధనిపించింది. మర్నాటి నుంచి మా దారే మార్చుకున్నాం. చీకటి పడే వేళ అక్కడ ఉన్న వెలుతురల్లా ఆమె నిప్పులదే. విసనకర్ర ఊపినప్పుడల్లా ఎర్రగా రగులుతాయి. ఇప్పుడు నాయిక ఆ బండి దగ్గరే ఆగి వెనక్కి తిరిగి చూస్తుంది. నాయిక ముఖం కనబడేదాకా బండి ఆవిడ రెండుసార్లు ఎక్కువ విసురుతుంది. అలా చేయమని మేమెవరం చెప్పలేదు.