"చూస్తే రాయి అవుతాడు": ఫాంటసీ గేముల్లో మంత్రాల రూల్స్ - అపోహలు, వాస్తవాలు

నెల్లూరులో మా డాబా మీద ఆదివారం సాయంత్రాలు ఒక ఫాంటసీ గేమ్ ఆడతాం. టేబుల్ చుట్టూ ఐదారుగురు, చేతుల్లో పాచికలు, ముందు కాగితాలు. ఒకరు కథ నడిపితే మిగతావాళ్ళు పాత్రలై మాట్లాడతారు. కథ నడిపేదీ, రూల్స్ రాసేదీ నేనే. పగలంతా ప్రింటింగ్ ప్రెస్సులో డీటీపీ చేసి ప్రూఫులు దిద్దే పని కాబట్టి, నా రాతలో తప్పు దొర్లదని ఒక ధీమా ఉండేది.

ఉదయగిరి లాంటి ఒక కొండకోటలో కథ నడుస్తున్న రోజు ఆ ధీమా పోయింది. మా చిన్నాన్న కొడుకు పాత్రకు "శిలాదృష్టి" అనే మంత్రం ఇచ్చాను. కాగితం మీద ఉన్నది ఇంతే: "కళ్ళలోకి చూస్తే రాయి అవుతాడు." వాడు "కాపలా రాక్షసుడి కళ్ళలోకి చూస్తున్నా" అన్నాడు. పక్కవాడు వెంటనే, "చూసింది నువ్వు, రాయి అయింది నువ్వే" అన్నాడు. "నేనేడ చూశాన్రా, వాడే నన్ను చూశాడు" అని మావాడు మాట మార్చాడు. నలభై నిమిషాలు అదే గొడవ. కింద నుంచి అమ్మ "ఏందిరా ఆ అరుపులు" అనేదాకా ఆగలేదు. వాళ్ళిద్దరి తప్పేం లేదు. నేను రాసిన వాక్యంలో చూసేది ఎవరో, రాయి అయ్యేది ఎవరో లేదు.

సొంతంగా గేమ్ రాసుకుంటున్నామని ఈ మధ్య కొందరు తమ మంత్రాలు నాకు పంపిస్తున్నారు. వాటిలో మళ్ళీ మళ్ళీ కనిపించే అపోహలు ఇవి. సగం ఒకప్పుడు నావే.

అపోహ: పొట్టిగా రాస్తే స్పష్టంగా ఉంటుంది.

వాస్తవం: శిలాదృష్టి నాలుగు మాటల మంత్రం. అంతకంటే పొట్టిగా ఎవరు రాస్తారు? తెలుగులో కర్త లేకుండా వాక్యం నడుస్తుంది. ఇంట్లో "తిన్నాడా?" అంటే ఎవరి గురించో అందరికీ తెలుసు. రూల్ చదివేవాడు మన ఇంట్లోవాడు కాదు. మంత్రం చేతికి రాగానే ఆటగాడు అడిగే ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ ఒకటే: ఎవరి మీద వేయొచ్చు, ఎంత దూరం, ఎంతసేపు, తప్పించుకునే దారి ఉందా, రోజుకు ఎన్నిసార్లు. ఇప్పుడు శిలాదృష్టి ఇలా ఉంది:

"మంత్రం వేసినవాడు 30 అడుగుల లోపు తనకు కనిపించే ఒక్క శత్రువును ఎంచుకోవాలి. ఆ శత్రువు మనోబలం పరీక్ష వేయాలి. ఓడిపోతే, ఆ శత్రువు తర్వాతి టర్న్ ముగిసేదాకా రాయిగా ఉంటాడు. రాయిగా ఉన్నంతసేపు కదలలేడు, అతనికి దెబ్బ తగలదు. కళ్ళు లేని జీవి మీదా, కళ్ళు మూసుకున్న జీవి మీదా ఈ మంత్రం పనిచేయదు. రోజుకు రెండుసార్లు వేయవచ్చు."

(మనోబలం పరీక్ష అంటే పాచిక వేసి తట్టుకున్నాడో లేదో తేల్చడం, టర్న్ అంటే ఒకరి వంతు.) పొడుగైంది, నిజమే. కానీ దీని మీద ఇంతవరకూ గొడవ రాలేదు.

అపోహ: అయితే ఎంత వివరంగా రాస్తే అంత మంచిది.

వాస్తవం: ఇదీ తప్పే. ఈ తరహా ఆటల్లో పేరున్న డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వచ్చింది. 1970ల చివర్లో వచ్చిన దాని అడ్వాన్స్‌డ్ రూల్స్‌లో ఫైర్‌బాల్ మంత్రాన్ని ఘనపరిమాణంతో లెక్కగట్టారు. దాని మంట సుమారు 33,000 ఘనపుటడుగుల చోటు నింపుతుంది, ఏ గదిలో పేలితే ఆ గది ఆకారం తీసుకుంటుంది. వినడానికి బాగుంది. ఇప్పుడు పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న సొరంగంలో వేసి చూడండి. మంట పోవడానికి వేరే దారి లేదు కాబట్టి 330 అడుగుల పొడవునా పాకుతుంది. అటు 165, ఇటు 165. వంద అడుగుల దూరంలో నిలబడి విసిరిన మాంత్రికుడు కూడా కాలిపోతాడు. ఆ సరదా కోసమే ఆ రూల్‌ని ఇష్టపడే పాతకాలం ఆటగాళ్ళు ఉన్నారు, వాళ్ళతో నాకు పేచీ లేదు. కానీ శత్రువు మీదికొస్తున్నప్పుడు కాలిక్యులేటర్ తీసి గది ఘనపరిమాణం లెక్కపెట్టడం మా డాబా మీద జరిగే పని కాదు.

2014 ఎడిషన్‌లో అదే మంత్రం: 150 అడుగుల లోపు ఒక చోటు ఎంచుకో, దాని చుట్టూ 20 అడుగుల వ్యాసార్ధంలో ఉన్నవాళ్ళకు ఆరుముఖాల పాచికలు ఎనిమిది వేసినంత దెబ్బ, తప్పించుకుంటే సగం. లెక్క ఇంతే. ఆ తర్వాత ఒక చిన్న వివరం ఉంది: మంటకు అంటుకునే వస్తువులు కాలతాయి, కానీ ఎవరైనా ఒంటిమీద వేసుకున్నవీ, చేత పట్టుకున్నవీ కాలవు. "నా సంచిలో తాళపత్రాలు కాలిపోయాయా?" అనే ప్రశ్న ప్రతి టేబుల్ మీదా వస్తుంది, ఆ వాక్యం దానికి జవాబు. గొడవ పుట్టే చోట వివరం ఉంది, పుట్టని చోట లేదు.

అపోహ: రూల్స్ ఇంగ్లీషులోనే కుదురుతాయి, తెలుగులో స్పష్టత రాదు.

ఈ మాట మా టేబుల్ మీద కూడా విన్నాను. డ్యామేజ్ (దెబ్బ), రౌండు (అందరి వంతులూ ఒకసారి అవడం), టర్న్ లాంటి మాటలు ఇంగ్లీషువే వాడతాం, వాటిని బలవంతంగా తెలుగు చేసే పట్టుదల నాకు లేదు. కానీ వాక్యం మాత్రం తెలుగుదే, దాని గుంటలు ఎక్కడున్నాయో తెలిస్తే చాలు.

మొదటి గుంట "తన". "మాంత్రికుడు తాకిన శత్రువు పడిపోతే తన బలం రెట్టింపు అవుతుంది." ఎవరి బలం? చచ్చేవాడి బలం రెట్టింపైతే ఏం లాభమని నవ్వకండి, మా దగ్గర ఒకడు దెయ్యమై లేస్తాడని వాదించాడు. అనుమానం ఉన్నచోట "మాంత్రికుడి బలం" అని మళ్ళీ రాయండి. ప్రెస్సులో అయితే పునరుక్తి అని నేనే కొట్టేస్తాను, రూల్‌లో కొట్టను.

రెండోది "వరకు". "మూడో రౌండు వరకు" అంటే మూడో రౌండు ఉందా, లేదా? "సోమవారం వరకు సెలవు" అంటే సోమవారం బడికి పోవాలా వద్దా అని పిల్లలు ఇప్పటికీ తన్నుకుంటారు. "మూడో రౌండు పూర్తయ్యేదాకా" అంటే తన్నులాట లేదు.

ఇక తెలుగు మనకు ఉచితంగా ఇచ్చినది ఒకటుంది. ఇంగ్లీషులో "వుయ్" ఒక్కటే. మనకు మనం వేరు, మేము వేరు. దాని మీద ఒక మంత్రమే కట్టాను. ఆటగాళ్ళు గ్రామదేవతను పిలిచి దాచమని వేడుకుంటారు. "మమ్మల్ని దాచు తల్లీ" అంటే వాళ్ళు మాత్రం మాయమవుతారు. "మనల్ని దాచు తల్లీ" అంటే దేవత కూడా మాయమవుతుంది, ఆ రాత్రి ఊరికి కాపలా ఉండదు. టెన్షన్‌లో ఉన్న ఆటగాడి నోట "మనల్ని" అని వచ్చేసిన రోజు టేబుల్ అంతా నిశ్శబ్దమైపోయింది.

అపోహ: రూల్స్ ఎక్కువైతే మాయ పోతుంది. మన పురాణాల్లో మంత్రాలకు రూల్స్ ఉన్నాయా?

ఉన్నాయి, చాలా గట్టిగా ఉన్నాయి. తిక్కన భారతం రాసిన నేల మీద కూర్చుని ఈ మాట అనకూడదు. అస్త్రానికి ప్రయోగం ఉంది, ఉపసంహారం ఉంది. అర్జునుడికి రెండూ వచ్చు. అశ్వత్థామకు వెనక్కి తీసుకోవడం రాదు, ఆ అస్త్రం ఉత్తర గర్భం మీదికి పోవడానికి అదే కారణం. నారాయణాస్త్రానికి తప్పించుకునే దారి స్పష్టంగా ఉంది: ఆయుధం కింద పెట్టి లొంగిపోతే ఏమీ చేయదు, ఎదిరిస్తే పెరుగుతుంది. ఇంద్రుడు కర్ణుడికి ఇచ్చిన శక్తి ఒక్కసారే పనిచేస్తుంది. ఘటోత్కచుడి మీద దాన్ని వాడక తప్పని రాత్రి మన గుండె ఎందుకు కొట్టుకుంటుంది? అది ఒక్కసారే అని మనకు ముందే తెలుసు కాబట్టి. ఎన్నిసార్లైనా వాడుకోవచ్చంటే ఆ రాత్రికి బరువే లేదు.

రూల్ రాయడంలో దెబ్బతిన్నవాడు హిరణ్యకశిపుడు. మనిషి చేత కాదు, మృగం చేత కాదు, పగలు కాదు, రాత్రి కాదు, ఇంట్లో కాదు, బయట కాదు అని జాబితా రాయించుకున్నాడు. పెంచలకోన నరసింహస్వామి గుడికి వెళ్ళొచ్చిన వాళ్ళకు మిగతాది నేను చెప్పక్కర్లేదు. "ఇది కాదు, అది కాదు" అని రాసుకుంటూ పోతే రెండింటి మధ్య సందు మిగిలిపోతుంది. అందుకే మంత్రం ఏం చేయదో కాకుండా ఏం చేస్తుందో ముందు రాస్తాను. మినహాయింపులు రెండు దాటాయంటే అసలు వాక్యమే తప్పు, దాన్నే మారుస్తాను.

అపోహ: దెబ్బ ఎంతో లెక్క సరిచూస్తే మంత్రం సరిపోయినట్టే.

వాస్తవం: లెక్క అన్నిటికంటే తేలిక. ఆరుముఖాల పాచిక సగటు 3.5, ఎనిమిది వేస్తే 28. ఎక్కువైతే ఒక పాచిక తీసేస్తాం. కొంప ముంచేవి అంకె లేని మంత్రాలు.

ప్రకాశం జిల్లా పడమటి ఊళ్ళ లాంటి చోట ఒక కరువు కథ రాశాను. బావులు ఎండిపోయాయి, ఉన్న నీళ్ళు తాగితే ఎముకలు వంకర పోతున్నాయి, నది దగ్గరికి మూడు రోజుల ప్రయాణం. నాలుగు ఆదివారాలు నడిచే కథ అనుకున్నాను. ఒక ఆటగాడి దగ్గర "ఊట" అని ఒక బుల్లి మంత్రం ఉంది: "కావలసినంత నీరు పుడుతుంది." అతను కనిగిరివాడు, ఫ్లోరైడ్ నీళ్ళ బాధ చూస్తూ పెరిగినవాడు. మొదటి ఐదు నిమిషాల్లోనే "అన్నా, ఇది రోజుకెన్నిసార్లు?" అన్నాడు. లిమిట్ రాయలేదని ఒప్పుకున్నాను. సాయంత్రం అయ్యేసరికి ఊరి చెరువు నిండింది, పక్క ఊళ్ళకు బండ్ల మీద నీళ్ళు అమ్మడం మొదలైంది. కథ అక్కడే అయిపోయింది. అతని మీద నాకు కోపం రాలేదు. నిజంగా అలాంటి మంత్రం ఉంటే ఆ ప్రాంతంవాడు మొదట చేసే పని అదే కదా.

డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో నీళ్ళు పుట్టించే మంత్రం చూస్తే అక్కడివాళ్ళు ముందే ఆలోచించారని తెలుస్తుంది. 2014 రూల్స్‌లో చిన్న స్థాయిలో వేస్తే 10 గ్యాలన్లు, అంటే 38 లీటర్లు. మనింటికొచ్చే రెండు వాటర్ క్యాన్లకు రెండు లీటర్లు తక్కువ. పైగా నీళ్ళు మూత లేని పాత్రలో పుట్టాలి, లేదంటే వానగా కురవాలి. ఆ "పాత్రలో" అనే మాట లేకపోతే శత్రువు ఊపిరితిత్తుల్లో నీళ్ళు పుట్టించి చంపేస్తానంటారు. మాట ఉన్నా, నోరు తెరిస్తే అదీ మూత లేని పాత్రే కదా అనేవాడు ఎక్కడో ఒకడు ఉంటాడనుకోండి.

అపోహ: రాయనిది గేమ్ మాస్టర్, అంటే కథ నడిపేవాడు, చూసుకుంటాడు.

ఎవరూ ఊహించనిది చూసుకుంటాడు. మంత్రం ఎంత దూరం పోతుందో కూడా ఆయనే తేల్చాలంటే, మనం రాయాల్సింది ఆయన చేత రాయిస్తున్నాం.

అపోహ: రూల్స్ లాగి లాగి వాదించేవాడు ఆటకు చెడుపు.

వాస్తవం: ఆట మధ్యలో తలనొప్పే, కాదనను. కానీ నాకు దొరికిన ఉత్తమ ప్రూఫ్ రీడర్ అతనే. "బలం రెట్టింపు" చేసే మంత్రాలు రెండు ఒకేసారి తగిలితే నాలుగు రెట్లా అని అడిగింది అతనే. 2000లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడో ఎడిషన్‌లో దీనికి జవాబు రాసిపెట్టారు: రెండు రెట్టింపులు కలిస్తే మూడు రెట్లు. లెక్కల మాస్టారు ఒప్పుకోకపోవచ్చు, కానీ గేమ్ చేయి దాటిపోదు. నేనూ అదే తీసుకున్నాను. ఇప్పుడు కొత్త మంత్రం ఏది రాసినా ముందు అతనికే ఇచ్చి, "దీంతో ఎంత అన్యాయం చేయగలవో చెయ్యి" అంటాను.

అపోహ: నాలుగుసార్లు చదివి చూసుకున్నాను, బాగానే ఉంది.

రాసినవాడికి తన వాక్యం ఎప్పుడూ బాగానే ఉంటుంది, ప్రెస్సులో రోజూ చూసేదే. నేను చేసేది ఇది: మంత్రం ఉన్న కాగితం ఆట తెలియని వాళ్ళకు ఇచ్చి, పక్కన కూర్చుని నోరు మూసుకుంటాను. వివరించాలని నాలుక దురద పెడుతుంది, పెట్టనివ్వాలి. వాళ్ళు ఏ మాట దగ్గర ఆగి తలెత్తి చూస్తారో అక్కడ పెన్సిల్‌తో గీత.

పోయిన వారం శిలాదృష్టి కాగితం మా అక్క కూతురికి ఇచ్చాను. ఏడో తరగతి. మొత్తం గడగడా చదివింది. హమ్మయ్య అనుకుంటుండగా, "మామా, రాయి అయినవాడు కొండ అంచున ఉంటే తోసేయొచ్చా? దెబ్బ తగలదన్నావు, దొర్లడని అన్లేదుగా" అంది. పెన్సిల్ తీశాను.