హోమ్‌లో చేర్చేశారుగా, ఆమెకింక రెస్టేగా? (అపోహలు - వాస్తవాలు)

నెల్లూరు దగ్గర ఒక కేర్ హోమ్‌లో కౌన్సిలర్‌గా చేస్తా ఉన్నా, మా దగ్గర ఉండేవాళ్ళలో ఎక్కువమంది డిమెన్షియా (మతిమరుపు ముదిరే జబ్బు) వాళ్ళే. పేషెంట్ల గురించి అందరూ అడుగుతారు గానీ ఇంట్లో మిగిలిపోయిన భార్య గురించో భర్త గురించో అడిగేవాళ్ళు తక్కువ. అందుకే ఈ పోస్టు.

అపోహ: చేర్చేశాక ఇంట్లో ఉండే ఆమెకి ఇంక హాయే.

కాదు నాయనా, కాదు. పిల్లలు బెంగుళూరు నుంచో అమెరికా నుంచో దిగుతారు, ఫారాలు నింపుతారు, డబ్బు కడతారు, "అమ్మా ఇంక నువ్వు ప్రశాంతంగా నిద్రపో" అని చెప్పి లీవ్ అయిపోతానే వెళ్ళిపోతారు. ఆమె అసలు ఇబ్బంది మొదలయ్యేది అప్పుడే. 2004లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్లో ఒక స్టడీ వచ్చింది, ఇంట్లో చూసుకున్నవాళ్ళు పేషెంట్‌ని హోమ్‌లో చేర్చాక ఎట్లా ఉన్నారని చూస్తే డిప్రెషన్, ఆందోళన పెద్దగా తగ్గలేదు, అందులోనూ భార్యాభర్తల పరిస్థితే మరీ కష్టంగా ఉంది. హోమ్‌లో చేర్చడం మామూలైపోయిన దేశంలోనే అట్లుంటే, మన వీధుల్లో నలుగురి మాటలు కూడా తోడైతే ఎట్లుంటుందో మీరే అనుకోండి.

కావలి వైపు నుంచి వచ్చే ఒక పెద్దమ్మ సంగతి చెప్తా. ఆయన రాత్రిళ్ళు గేటు తీసుకొని రోడ్డెక్కేవాడు, అందుకని తాళంచెవి బియ్యం డబ్బాలో దాచేది. ఆయన్ని మా దగ్గర చేర్చి నెల దాటినా తాళంచెవి ఇంకా బియ్యంలోనే పెడతా ఉంది. రాత్రి రెండింటికి మెలకువొచ్చేస్తుంది, ఆయన్ని బాత్రూమ్‌కి తీసుకుపోయే టైమ్ అది, ఇంక తెల్లారేదాకా నిద్ర లేదు. బీపీ చూపిస్తే బాగా ఎక్కువుంది, మాత్రలు వేసుకుంటున్నావా అంటే నీళ్ళు నమిలింది. విషయం ఏందంటే ఇన్నాళ్ళూ ఆయనకి మాత్రలు ఇచ్చేటప్పుడే తనూ వేసుకునేది, ఆయన డబ్బా మా హోమ్‌కి వచ్చేసింది, దాంతోపాటు ఆమె మాత్ర కూడా ఆగిపోయింది. కొడుకు రోజూ ఫోన్ చేస్తాడు, మంచోడే, కానీ అడిగేది "నాన్న ఎట్లున్నాడు" అనే. వరలక్ష్మీ వ్రతానికి పిలిస్తే పోలేదంట, పోతే "మీ ఆయన్ని ఆశ్రమంలో వేశారంటగా" అని ఎవరో ఒకరు అంటారని.

మగవాళ్ళ సంగతి ఇంకో రకం. ఒంగోలు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు బస్సులో వస్తా ఉంటారు, భార్యకి తల దువ్వి, గోళ్ళు తీసి పోతారు. అడిగితే అంతా బాగుంది అంటారు. మెస్ క్యారియర్ తెప్పించుకొని సగం పారేస్తున్నారని పక్కింటాయన చెప్తే గానీ మాకు తెలీలేదు.

కాబట్టి పిల్లలూ, చేర్చిన మొదటి నెల అమ్మనో నాన్ననో ఒంటరిగా వదలబాకండి. బీపీ, షుగర్ చూపించండి. ఫోన్ చేసినప్పుడు ముందు "నువ్వు తిన్నావా, నిద్రపోయావా" అని అడగండి. దిగులు ఉంటుంది, ఏడుపొస్తుంది, అది జబ్బేం కాదు. కానీ రెండు వారాలు దాటినా తిండీ నిద్రా లేకుండా దేని మీదా మనసు పోకపోయినా, చచ్చిపోతే బాగుండు అనే మాట ఒక్కసారి వచ్చినా డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి. 14416 టెలీ మానస్‌కి (మనసు బాధలకి గవర్నమెంటు పెట్టిన ఫోన్ లైన్) ఏ టైమ్‌లో అయినా ఫోన్ చేయొచ్చు, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు.

ఇంక మిగతా అపోహలు.

"ఆయనకి ఏం గుర్తుండదు, పోయినా ఒకటే పోకపోయినా ఒకటే." తప్పు. 2014లో అయోవా యూనివర్సిటీ వాళ్ళు అల్జీమర్స్ (డిమెన్షియాలో ఒక రకం) పేషెంట్లకి నవ్వొచ్చే క్లిప్పులు, ఏడుపొచ్చే క్లిప్పులు చూపించారు, చూసింది మర్చిపోయాక కూడా ఆ సంతోషం, ఆ దిగులు కాసేపు వాళ్ళలో అట్లనే ఉన్నాయి. మీరొచ్చిపోయిన సంగతి గుర్తుండదు, మనసు మాత్రం తేలికపడి ఉంటుంది.

"రోజూ పోకపోతే వదిలించుకున్నట్టే." ఇది అనేవాళ్ళు ఒక్క రాత్రి వచ్చి మలం గుడ్డలు మార్చరు. మీకు ఓపికున్నప్పుడు రండి, చాలు. పొద్దుగూకితే చాలామందిలో కంగారు ఎక్కువవుతుంది కాబట్టి పొద్దున పూట రండి. "నేనెవరో చెప్పు" అని పరీక్షలు పెట్టబాకండి. భోజనం టైమ్‌కి మీరు బయల్దేరితే వాళ్ళ దృష్టి కంచం మీద ఉంటుంది, మీకూ గడప దాటడం కొంచెం సులువు.

"ఇంటికి పోదాం అంటున్నాడు, తీసుకుపోవాల్సిందే." సొంతింట్లో ఉన్నప్పుడు కూడా ఇదే మాట అనేవాడు కదా, గుర్తు తెచ్చుకోండి, ఆ మాటకి తీసుకుపోవాల్సిందే అని అర్థం కాదు.

సంక్రాంతికి ఒక పూట తీసుకుపోవచ్చా అని కూడా అడుగుతా ఉంటారు. చేర్చిన కొత్తల్లో వద్దు. కుదురుకున్నాక స్టాఫ్‌ని అడగండి, సరే అంటే పొద్దున్నే తీసుకుపోయి చీకటి పడకముందే తెచ్చేయండి, తిరిగి దింపేటప్పుడు మాత్రం ఇంట్లో ఉండే అమ్మనో నాన్ననో ఒక్కరినే పంపకుండా ఇంకెవరైనా తోడు రండి.