కోడిగుడ్డు బొమ్మలో ఎర్ర మచ్చలు: అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడిలో డిగ్రీ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. "ఈ రాత్రి 12.30 నుంచి 3.30 దాకా కాస్మిక్ కిరణాలు భూమికి దగ్గరగా వస్తాయి, ఫోన్లు ఆపేయండి" అనే వాట్సాప్ మెసేజ్ ఏదో ఒక రూపంలో మా క్లాసుదాకా వస్తూనే ఉంటుంది. ఈమధ్య దానికి బొమ్మ కూడా తగిలించారు. కోడిగుడ్డు ఆకారం, దాన్నిండా ఎరుపు, నీలం మచ్చలు. అది ప్లాంక్ ఉపగ్రహం కొలతలతో గీసిన సీఎంబీ మ్యాప్. సీఎంబీ అంటే విశ్వం పసితనంలో బయల్దేరి ఇప్పటికీ ఆకాశమంతా నిండి ఉన్న పాత కాంతి.

ఆ మెసేజ్ నమ్మి కాశీనగర్‌లో మా విద్యార్థిని ఇంట్లో అందరూ ఫోన్లు ఆపేసి పడుకున్నారు. ఆ రాత్రే గుణుపురంలో వాళ్ళ అక్కకి నొప్పులొచ్చాయి. బావ తెల్లారేదాకా ఫోన్ చేస్తూనే ఉన్నాడు. తల్లీబిడ్డా క్షేమమే. కానీ కానుపు వేళకి కూతురి పక్కన లేకపోయానని ఆ తల్లి ఇప్పటికీ కళ్ళొత్తుకుంటుంది. పుకారు పుట్టించినవాళ్ళ మీదే నా కోపం. నమ్మినవాళ్ళని ఏమనగలం? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చూసిన జిల్లా ఇది. మ్యాప్ మీద ఎరుపు కనిపిస్తే గుండె ఝల్లుమంటుంది.

అపోహ: ఎర్ర మచ్చ దగ్గర రేడియేషన్ మండిపోతోంది.

సీఎంబీ సగటు ఉష్ణోగ్రత 2.725 కెల్విన్, అంటే మైనస్ 270 డిగ్రీల సెల్సియస్. మచ్చకీ మచ్చకీ తేడా (ఎరుపు వెచ్చన, నీలం చల్లన) అందులో లక్షో వంతు, అక్కడక్కడా కాస్త ఎక్కువ. మా మహేంద్రగిరి ఎత్తు సుమారు 1500 మీటర్లు. ఆ కొండ నెత్తిన ఒక గోళీ పెడితే ఎత్తు ఎంత పెరుగుతుందో, ఈ తేడా అంత. పెంజియాస్, విల్సన్ అనే శాస్త్రవేత్తలు 1964లో ఈ వికిరణాన్ని పట్టుకున్నాక ఈ మచ్చలు దొరకడానికి 1992లో కోబ్ ఉపగ్రహం ఫలితాల దాకా ఆగాల్సి వచ్చింది.

ఆకాశం నుంచి చదరపు మీటరుకి పడే సీఎంబీ సుమారు 3 మైక్రోవాట్లు. మన ఒంటి వేడి వల్ల వెలువడేది దానికి కోట్ల రెట్లు. పైగా ఇది కాంతి. కాస్మిక్ కిరణాలు కణాలు, ఆ సంగతే వేరు. పగలూ రాత్రీ అన్ని దిక్కుల నుంచీ వస్తూనే ఉండే ఈ కాంతికి 12.30 ముహూర్తమేమీ లేదు.

ఆ ఇంటి మామ్మ నన్ను అడిగింది: "ఏటి బాబూ, ఎర్రమచ్చ మనూరి మీదేనటగా?" లాప్‌టాప్‌లో అదే బొమ్మ తెరిచి ఎరుపు తీసి ఆకుపచ్చ, నీలం తీసి పసుపు పెట్టాను. "లెక్క అదే మామ్మా, రంగులు మేం వేసుకున్నవే. మనూరు ఇందులో లేదు. మన చుట్టూ ఉన్న ఆకాశాన్ని విప్పి చాపలా పరిచారు" అన్నాను. తెర మీద ఒక మచ్చని వేలితో తడిమి, "మరి ఈ మచ్చలు ఎలగొచ్చాయి?" అంది.

ఇదే అడగాల్సిన ప్రశ్న. ఈ కాంతి బయల్దేరినప్పుడు, ఇవాళ 1380 కోట్ల ఏళ్ళున్న విశ్వానికి వయసు 3.8 లక్షల ఏళ్ళు, వేడి 3000 కెల్విన్. అంతదాకా కాంతి ఎలక్ట్రాన్లకి తగులుతూ కదల్లేకపోయింది. పదార్థం రవ్వంత ఎక్కువున్న చోటికి గురుత్వం లాగేది, కాంతి పీడనం వెనక్కి తోసేది. ఆ లాగులాటలో ధ్వని తరంగాలు పుట్టాయి. పరమాణువులు ఏర్పడగానే కాంతి విడిపోయింది, ఆ క్షణాన ఎక్కడ నొక్కుకుని ఉందో, ఎక్కడ సడలి ఉందో ఆ గుర్తులతోనే బయల్దేరింది. అందుకే సుమారు ఒక డిగ్రీ వెడల్పున, అంటే నిండు చందమామకి రెండింతలంత మేర, మచ్చలు ఎక్కువ స్పష్టంగా ఉంటాయి. పదార్థం అలా గుమిగూడిన చోట్లే తర్వాత గెలాక్సీలు పెరిగాయి. విశ్వం 1100 రెట్లు సాగి ఆ 3000 కాస్తా 2.7కి దిగింది.

అపోహ: ఎరుపంటే పదార్థం ఎక్కువున్న చోటు. పెద్ద మచ్చల్లో తిరగేసి చదవాలి. పదార్థం ఎక్కువున్న చోటి గురుత్వపు గుంటలోంచి ఎక్కి వచ్చే కాంతి శక్తి కోల్పోయి చల్లగా కనిపిస్తుంది.

అపోహ: ఆకాశం ఒక పక్క వెచ్చగా ఉంటుందన్నది కల్పన. కాదు, నిజంగానే వెచ్చగా ఉంటుంది. సూర్యుడు మనల్ని వెంటేసుకుని సింహరాశి ఛాయల వైపు సెకనుకి 370 కిలోమీటర్ల వేగంతో పోతున్నాడు, ఆ పక్క 3.36 మిల్లీకెల్విన్లు ఎక్కువ. మచ్చల తేడా కన్నా ఇది ఎంతో పెద్దది, అందుకే ముందు దీన్ని తీసేసి ఆ తర్వాతే మ్యాప్ గీస్తారు.